వెనక సస్పెన్షన్ మనిషే



ఈవేళ ఒక సైకిలు గురించి మాట్లాడుకుందాం. దాని ముందు చక్రానికి దిగి లేచే ఫోర్కు ఉంటుంది, వెనక చక్రం మాత్రం ఫ్రేముకు నేరుగా బిగించి ఉంటుంది. రాళ్ళూ గుంతలూ ఉన్న కొండదారుల్లో తొక్కడానికి చేసిన ఈ రకాన్ని హార్డ్‌టెయిల్ అంటారు. ఫ్రేము ఉక్కు గొట్టాలతో అతికిందైతే స్టీల్ హార్డ్‌టెయిల్. ఇవాళ షాపుకు వెళితే అల్యూమినియం, కార్బన్ ఫ్రేములదే పైచేయి. ముందూ వెనకా రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిళ్ళు లక్షల్లో ధర పలుకుతున్నాయి. అయినా కొండదారుల్లో తిరిగేవాళ్ళలో కొందరు ఉక్కు హార్డ్‌టెయిల్‌ను పట్టుకుని వదలరు. నేనూ ఆ కోవకు చెందినవాణ్ణే. ఎందుకు వదలమో, దాన్ని మన ఒంటికీ మన దారికీ ఎలా అమర్చుకోవాలో, ఎక్కాక ఎలా తొక్కాలో ఈ కాసేపట్లో చెప్తాను.

ముందుగా ఒక మాట. ఈ సైకిలుకు వెనక సస్పెన్షన్ లేదని అందరూ అంటారు. నా లెక్కలో ఉంది. తొక్కే మనిషి కాళ్ళే ఆ సస్పెన్షన్. చీలమండ, మోకాలు, తుంటి, ఈ మూడు కీళ్ళూ కలిసి మడత పడితే అడుగుకు పైగా దిగుడు వస్తుంది. ఏ కంపెనీ షాక్ అబ్జార్బరూ అంత ఇవ్వదు. సీటు ఎంత ఎత్తులో పెట్టాలి, టైర్లో ఎంత గాలి కొట్టాలి, బ్రేకు పిడి ఎటు తిప్పాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడే దొరుకుతుంది. కాళ్ళూ చేతులూ అడ్డు లేకుండా మడిచి చాపుకోవడానికి ఏది వీలిస్తే అదే సరైన అమరిక. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

కొండ సైకిలు పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియాలో. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటగానే మారిన్ కౌంటీ. అక్కడ 2,571 అడుగుల ఎత్తున టామల్పయిస్ కొండ. బే ఏరియాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళకు బాగా తెలిసిన కొండే. 1970ల్లో ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళు 1930, 40ల నాటి పాత ష్విన్ కంపెనీ సైకిళ్ళు ఏరి తెచ్చుకునేవారు. లావుపాటి 26 అంగుళాల టైర్లు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు, ఇరవై కిలోల బరువు. అడవిలో మంటలు రేగితే బండ్లు వెళ్ళడానికి వేసిన మట్టిదారుల్లో వాటి మీద కిందికి దూసుకొచ్చేవారు. ఫేర్‌ఫ్యాక్స్ ఊరి పక్కన రెండు మైళ్ళలో సుమారు 1,300 అడుగులు దిగే దారి ఒకటి ఉంది. కిందికి చేరేసరికి వెనక హబ్బు కాగి, లోపలి గ్రీజు పొగై పోయేది. ఇంటికెళ్ళి హబ్బు విప్పి గ్రీజు మళ్ళీ నింపుకోవాల్సిందే. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. 1976 అక్టోబరు 21న వాళ్ళలో ఒకడైన చార్లీ కెల్లీ అక్కడ మొదటి పందెం పెట్టాడు. గడియారం పట్టుకుని ఒక్కొక్కరినే వదిలి, ఎవరు ఎంతసేపట్లో దిగారో రాసుకున్నారు.

పాత ఫ్రేములు ఆ దెబ్బలకు తట్టుకోలేక విరుగుతుంటే, రోడ్డు సైకిళ్ళ ఫ్రేములు కట్టే జో బ్రీజ్ 1977లో క్రోమోలీ ఉక్కు గొట్టాలు తీసుకుని కొండ కోసమే ఒక ఫ్రేము కట్టాడు. ఆ వరసలో మొత్తం పది చేశాడు. మొదటిది ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. 1979లో టామ్ రిచీ ఫ్రేములు కడితే, అదే బృందంలోని గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి వాటిని అమ్మారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో స్టంప్‌జంపర్ అనే సైకిలు చేయించి మామూలు షాపుల దాకా తెచ్చింది. ఇవన్నీ ఉక్కువే. ముందూ సస్పెన్షన్ లేదు, వెనకా లేదు. ముందు ఫోర్కుకు సస్పెన్షన్ రావడానికి 1989 దాకా, రాక్‌షాక్స్ కంపెనీ ఆర్‌ఎస్-1 దాకా ఆగాలి. మరి అంతవరకూ ఆ కొండలన్నీ ఎలా దిగారు? మోకాళ్ళతో, మోచేతులతో దిగారు. కొండ సైకిలు తొక్కే పద్ధతి అంతా ఆ ఏళ్ళలోనే, ఒంటి మీదే తయారైంది. హార్డ్‌టెయిల్ ఆ పద్ధతిని ఇప్పటికీ నేర్పుతుంది.

ఇక ఉక్కు సంగతి. ఈ ఫ్రేముల ఉక్కు కిటికీ ఊచల ఉక్కు లాంటిది కాదు. ఒక శాతం దాకా క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం, 0.3 శాతం కార్బన్ కలిపిన మిశ్రమం. విమానాల చట్రాలకు వాడిన రకమే, 4130 దాని నంబరు. బలం ఎక్కువ కాబట్టి గొట్టం గోడను చాలా పల్చగా లాగొచ్చు. అయితే కొసల దగ్గర అతుకు వేడి పడుతుంది, ఒత్తిడీ అక్కడే ఎక్కువ. నడుమ రెండూ తక్కువ. అందుకని గొట్టాన్ని కొసల్లో 0.8 మిల్లీమీటర్లు, నడుమ 0.5 మిల్లీమీటర్ల మందంతో తీస్తారు. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. బయటికి తేడా ఏమీ కనిపించదు. గొట్టం పొడవునా గోటితో మీటుతూ వెళ్ళండి. అతుకు దగ్గర మొద్దుగా పలికేది, నడుమకు వచ్చేసరికి ఖంగుమంటుంది. మందం మారే చోటు చెవికి దొరికిపోతుంది.

ఉక్కు ఫ్రేము కుదుపులు మింగేస్తుందని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. దాన్ని నమ్మి కొనకండి. ముక్కోణాలుగా అతికిన ఫ్రేమును పైనుంచి ఎంత నొక్కినా వంగేది మిల్లీమీటర్ల లెక్కలోనే. అదే 2.4 అంగుళాల టైరు రాయి తగలగానే అంగుళం దాకా లోపలికి నొక్కుకుంటుంది. హాయి అంతా టైరుదీ, ఫోర్కుదీ, మీ కాళ్ళదీ. ఉక్కు ఇచ్చేవి వేరే ఉన్నాయి. మొదటిది మన్నిక. ఉక్కుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు లోపల ఎన్ని లక్షల సార్లు ఒత్తిడి పడినా అది అలిసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న ఒత్తిళ్ళు కూడా ఏళ్ళ తరబడి పోగవుతూనే ఉంటాయి. కాబట్టి అల్యూమినియం ఫ్రేమును ఆ ఒత్తిళ్ళను ముందే లెక్కలో పెట్టుకుని లావు గొట్టాలతో కడతారు. రెండోది, ఉక్కు చెడేటప్పుడు సాధారణంగా ముందే చెప్పి చెడుతుంది. వంగుతుంది, లేదా అతుకు పక్కన సన్నటి చీలిక మొదలై మెల్లగా సాగుతుంది. చూసే కన్నుంటే ప్రమాదం కంటే ముందే పట్టుకోవచ్చు. మూడోది, పనితనం తెలిసిన చేయి దొరికితే మళ్ళీ అతికించుకోవచ్చు. గొట్టమే మార్చుకోవచ్చు.

దీనికి మూల్యం బరువు. మంచి ఉక్కు హార్డ్‌టెయిల్ ఫ్రేము రెండున్నర కిలోల చుట్టుపక్కల తూగుతుంది. అల్యూమినియంది దానికంటే ముప్పావు కిలోనో కిలోనో తక్కువ ఉంటుంది. ఎక్కుడులో ఆ తేడా ఉన్న మాట నిజం. పందేలు గెలవాలనుకునేవాళ్ళు వేరే ఫ్రేము చూసుకోవడమే మేలు. ఒకే సైకిలును పదిహేను, ఇరవై ఏళ్ళు తొక్కి, భాగాలు మార్చుకుంటూ ఫ్రేమును మాత్రం అట్టే పెట్టుకోవాలనుకునేవాళ్ళకు ఉక్కు దిక్కు.

ఇప్పుడు అమరిక. ఫోర్కుతో మొదలుపెడదాం, హార్డ్‌టెయిల్‌లో ఎక్కువమంది ఆలోచించకుండా వదిలేసేది ఇదే. రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిలు ఎక్కితే ముందూ వెనకా కలిసి దిగుతాయి. హార్డ్‌టెయిల్ ఎక్కితే ముందు ఒక్కటే దిగుతుంది, సైకిలు మొత్తం ముందుకు వాలుతుంది. ముందు భాగం 20 మిల్లీమీటర్లు దిగితే ఫోర్కు సుమారు ఒక డిగ్రీ నిటారు అవుతుంది. ఇప్పటి హార్డ్‌టెయిళ్ళలో ఫోర్కు కోణం 65, 66 డిగ్రీల దగ్గర పెడుతున్నారు, 1990ల్లో 71 ఉండేది. కోణం వాలుగా ఉంటే దిగుడులో ముందు చక్రం నిలకడగా పోతుంది, నిటారు అయ్యేకొద్దీ చిన్న రాయికే తడబడుతుంది. మెత్తటి ఫోర్కు నిటారు దిగుడులో లోతుగా కుంగిపోతే, డబ్బు పెట్టి కొనుక్కున్న ఆ కోణం కాస్తా చేజారిపోతుంది. అందుకని హార్డ్‌టెయిల్ ఫోర్కును కొంచెం గట్టిగానే ఉంచుకోవాలి.

ఎంత గట్టిగా అన్నది కొలిచి చూసుకోవచ్చు. గాలి ఫోర్కు కాలికి సన్నటి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. లేకపోతే చిన్న ప్లాస్టిక్ టై కట్టండి. హెల్మెట్, నీళ్ళ సంచీతో సహా, మీరు తొక్కేటప్పుడు ఒంటి మీద ఏముంటాయో అన్నీ వేసుకుని గోడ పక్కన సైకిలు ఎక్కండి. పెడళ్ళ మీద లేచి నిలబడి, దిగుడులో ఉన్నట్టుగా మోకాళ్ళూ మోచేతులూ కాస్త వంచండి. పక్కనున్నవాళ్ళను ఆ రింగును కిందికి, సీలు దాకా జరపమనండి. బ్రేకు ముట్టకుండా, కుదపకుండా మెల్లగా దిగి, రింగు ఎంత పైకి జరిగిందో స్కేలుతో కొలవండి. 120 మిల్లీమీటర్లు దిగే ఫోర్కులో 18 నుంచి 24 మధ్య ఉంటే సరే, అంటే మొత్తం దిగుడులో 15 నుంచి 20 శాతం. ఎక్కువ దిగితే షాక్ పంపుతో గాలి పెంచండి, తక్కువైతే వదలండి. తర్వాత కింద ఉండే రీబౌండు మర తిప్పి, ఫోర్కు తిరిగి లేచే వేగం సరిచూడండి. హ్యాండిల్ మీద బరువంతా వేసి ఒక్క నొక్కు నొక్కి వదిలితే ఫోర్కు చురుగ్గా లేవాలి, చక్రం మాత్రం నేల వదిలి ఎగరకూడదు.

తర్వాత టైర్లు. ఖర్చు లేకుండా సైకిలును మార్చేసేది గాలే. వెనక సస్పెన్షన్ లేదు, బరువులో ఎక్కువ భాగం వెనకే. కాబట్టి వెనక టైరులో గాలి ఎప్పుడూ ముందు దానికంటే కొంచెం ఎక్కువ ఉండాలి. డెబ్బై కిలోల మనిషి, 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లు అనుకుంటే ముందు 20, వెనక 24 పీఎస్ఐతో మొదలుపెట్టండి. లోపల ట్యూబు ఉంటే ఇంకో ఐదారు కలపండి. లేకపోతే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. బొటనవేలితో నొక్కి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు, గేజి కొనుక్కోండి. ఒకే దారిలో, ఒకే వాలులో ఒక్కొక్క పీఎస్ఐ తగ్గిస్తూ తొక్కి చూడండి. మలుపులో టైరు కిందనుంచి జారినట్టు మెత్తగా మెలి తిరిగినా, రాయి మీద రిమ్ము టంగుమన్నా గాలి తక్కువైనట్టే. రెండు పీఎస్ఐ పెంచి అక్కడ ఆగండి. ఆ అంకె కాగితం మీద రాసి పెట్టుకోండి.

మన నేలల్లో గాలి లెక్కకు ఇంకో రెండు సంగతులు కలుస్తాయి. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు బండలు ఎండాకాలంలో టైరును బ్రహ్మాండంగా పట్టుకుంటాయి. బండ దిగగానే మొరం వస్తుంది. సన్నరాయి కింద గట్టినేల, దాని మీద టైరు పట్టు అంతంత మాత్రమే. మొరంలో ముందు టైరు గాలి ఒకటో రెండో తగ్గిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. రెండోది ముళ్ళు. తుమ్మ ముల్లు, పల్లేరు కాయ లేని దారి మనకు లేదు. కాలిఫోర్నియాలో సైకిళ్ళవాళ్ళను ఏడిపించేదీ ఈ పల్లేరు మొక్కే. ట్యూబ్‌లెస్ టైరులో పాలలాంటి సీలెంటు పోసి ఉంచితే పల్లేరు గుచ్చుకున్న చిల్లు చక్రం తిరుగుతుండగానే పూడిపోతుంది. మన ఎండలకు ఆ ద్రవం త్వరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి వాల్వు విప్పి చూసి, మళ్ళీ పోసుకోవాలి.

సీటుకు రెండు ఎత్తులు కావాలి. చదునులో, ఎక్కుడులో తొక్కేటప్పుడు పెడల్ అడుగున ఉండగా మడమ దాని మీద పెడితే కాలు పూర్తిగా చాపుకోవాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. దిగుడులో ఆ ఎత్తు పనికిరాదు. మీరు కాళ్ళు మడవాలనుకున్న క్షణంలో సీటు కింద నుంచి అడ్డు తగులుతుంది, వెనక చక్రం తిన్న ప్రతి దెబ్బా నేరుగా నడుముకు వస్తుంది. సస్పెన్షన్‌కు తాళం వేసినట్టే. హ్యాండిల్ మీద మీట నొక్కి కూర్చుంటే దిగి, మళ్ళీ నొక్కితే లేచే డ్రాపర్ పోస్టు ఉంటే అంతకంటే కావలసింది లేదు. జో బ్రీజే 1980ల్లో ఇంకొకరితో కలిసి సీటును దించి మళ్ళీ అదే ఎత్తుకు లేపే ఒక స్ప్రింగు తయారు చేశాడంటే, ఈ అవసరం ఎంత పాతదో చూడండి. డ్రాపర్ కొనే స్తోమత లేకపోతే దిగుడు ముందు ఆగి, సీటు కింది క్విక్ రిలీజ్ మీట విప్పి, సీటు బెత్తెడు దించండి. అర నిమిషం పని. హార్డ్‌టెయిల్‌లో నేను దీనికి మించిన మార్పు చూడలేదు.

చేతుల సంగతి. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ పొట్టిది, 35 నుంచి 50 మిల్లీమీటర్లు. వెడల్పు హ్యాండిల్, భుజాలను బట్టి 740 నుంచి 800 మిల్లీమీటర్లు. బ్రేకు పిడులను కూర్చుని కాకుండా నిలబడి సరిచేయాలి. దిగుడులో నిలబడే భంగిమలో చూపుడు వేలు పిడి చివరి వంకీ మీద పడాలి, మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండాలి. ఒక్క వేలితో బ్రేకు పట్టగలిగితే మిగతా వేళ్ళన్నీ హ్యాండిల్‌ను పట్టుకుని ఉంటాయి. స్టెమ్ బోల్టులు ఎక్కువగా 5 న్యూటన్ మీటర్ల బిగువు అడుగుతాయి. అసలు అంకె స్టెమ్ మీదే రాసి ఉంటుంది. ఒకదాన్ని ఒక్కసారే బిగించకుండా ఇటొక చుట్టు, అటొక చుట్టు తిప్పుతూ నాలుగూ సమంగా బిగించాలి. గేర్లలో ముందు ఒకే చక్రం, 30 పళ్ళది. వెనక పెద్దది 50 పళ్ళది. 29 అంగుళాల చక్రాలతో ఈ గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 1.4 మీటర్లే ముందుకు పోతుంది. నిటారు ఎక్కుడులో అదే కావాలి.

సైకిలు అమరింది, ఇక ఎక్కుదాం. దిగుడులో మొదటి సూత్రం ఒకటే. బరువు పాదాల్లో ఉండాలి, చేతుల్లో కాదు. పెడళ్ళు రెండూ నేలకు సమాంతరంగా, మడమలు కొద్దిగా కిందికి, మోకాళ్ళు వదులుగా, తుంటి వెనక్కి, మోచేతులు బయటికి, చూపు కొన్ని గజాల ముందుకు. హ్యాండిల్‌ను కోడిపిల్లను పట్టుకున్నంత మెత్తగా పట్టుకోవాలి, జారిపోకుండా చూసుకోవాలి. భయంతో పూర్తిగా వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. అప్పుడు ముందు చక్రం మీద బరువు లేక అది మలుపు తీసుకోదు. గడ్డం స్టెమ్‌కు సూటిగా పైన ఉంటే సరిపోతుంది.

దారికి అడ్డంగా జానెడు ఎత్తు రాయి ఒకటి ఉందనుకోండి. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో వస్తున్నారు. రాయికి గజం ముందు మోచేతులు వంచి ఫోర్కును కిందికి ఒక నొక్కు నొక్కండి. అది తిరిగి లేచే ఊపుతోనే చేతులను తేలిక చేసి, హ్యాండిల్‌ను పొట్టవైపు కొంచెం రానివ్వండి. ముందు చక్రం రాయి నెత్తి మీదికి తేలికగా ఎక్కేస్తుంది. ఆ తర్వాత వెనక చక్రం రావడానికి మీ చేతిలో ఉండేది సెకనులో మూడో వంతు మాత్రమే. ముందు చక్రం పైకి ఎక్కగానే తుంటిని ముందుకు తెచ్చి, హ్యాండిల్‌ను ముందుకు తోస్తూ మోకాళ్ళను పైకి రానివ్వాలి. రానివ్వాలి అంటున్నాను, లాగమనడం లేదు. వెనక చక్రం రాయిని తాకి పైకి లేస్తుంటే పెడళ్ళూ లేస్తాయి, పెడళ్ళతో పాటు పాదాలూ లేస్తాయి. మోకాలు మడత పడుతుంది. మీ ఛాతీ మాత్రం అదే ఎత్తులో, అదే వేగంతో ముందుకు పోతుంది. రాయి దాటాక కాళ్ళు చాచి చక్రాన్ని నేలకు ఆనించండి. కాళ్ళు బిగదీసుకుని కూర్చుంటే ఇదే రాయి మిమ్మల్ని సీటు మీదనుంచి ఎగరేస్తుంది. కదలికల వరస ఒంటికి పట్టేదాకా ఇంటి ముందు గట్టు మీద, తర్వాత ఇటుక మీద, ఆ తర్వాత రాయి మీద సాధన చేయండి.

బ్రేకు వేయాల్సింది రాళ్ళకు ముందు, రాళ్ళ మీద కాదు. బిగుసుకున్న చక్రం రాయి ఎక్కలేదు, దానికి తగులుకుంటుంది. ఆపే శక్తిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. దాన్ని చూసి భయపడకుండా చదునులో మెల్లగా పిండుతూ అలవాటు చేసుకోండి. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే చక్రం బిగుసుకుని జారుతుంది, దారిని కూడా తవ్వేస్తుంది. మలుపులో బయటి పాదం కిందికి దించి దాని మీద బరువు వేయండి. సైకిలును లోపలికి వంచండి, ఒళ్ళు మాత్రం నిటారుగా ఉండనివ్వండి. చూపు మలుపు చివర ఉండాలి.

ఎక్కుడులో హార్డ్‌టెయిల్ మనవైపు ఉంటుంది. వెనక ఊగే భాగం లేదు కాబట్టి కాలి బలం నేరుగా చక్రానికి చేరుతుంది. సీటు ముక్కు మీదికి జరిగి, ఛాతీ దించి, పెడల్‌ను కుదిపి తొక్కకుండా గుండ్రంగా తిప్పండి. వేరు వచ్చినప్పుడు, మెట్టు వచ్చినప్పుడు సీటు మీదనుంచి రెండంగుళాలు లేచి, చక్రాన్ని కిందుగా వెళ్ళనివ్వండి.

ఒక హెచ్చరిక. కాళ్ళు అలిసిపోయాయంటే ఈ సైకిలుకు సస్పెన్షన్ అయిపోయినట్టే. ఎక్కి ఎక్కి ఆయాసంతో వెంటనే దిగడం మొదలుపెట్టకండి. శిఖరం మీద నీళ్ళు తాగి, ఊపిరి మామూలు అయ్యాక సీటు దించి బయలుదేరండి. సైకిలు లేని రోజుల్లో బస్కీలు తీయండి. మన తాలింఖానాల్లో కుస్తీ పట్టేవాళ్ళు తీసిన ఆ బస్కీలే వెనక షాకుకు సర్వీసింగు.

ఉక్కుకు శత్రువు తుప్పు, అదీ లోపలి తుప్పు. వైజాగు, కాకినాడలాంటి చోట్ల ఉప్పుగాలికి ఇంకా త్వరగా పడుతుంది. వానలో తొక్కాక సీటు కడ్డీ తీసి సైకిలును కాసేపు తలకిందులుగా నిలబెడితే లోపలి నీళ్ళు దిగిపోతాయి. పెడల్ ఇరుసు గూడు అడుగున నీళ్ళు పోయే బెజ్జం మట్టితో పూడకుండా చూసుకోండి. కొత్త ఫ్రేము లోపల అవిసెనూనె పోసి అన్ని గొట్టాల్లోకీ తిప్పి ఆరబెడితే పల్చటి పొర కట్టి కాపాడుతుంది. సీటు కడ్డీ అల్యూమినియం, ఫ్రేము ఉక్కు. తడి తగిలితే అల్యూమినియం తినేసుకుపోయి ఈ రెండూ కరుచుకుపోతాయి. కొన్ని నెలలకోసారి కడ్డీ తీసి గ్రీజు రాస్తే ఆ గొడవ ఉండదు.

కడిగిన ప్రతిసారీ నాలుగు చోట్లు చూడండి. హ్యాండిల్ గొట్టం కింద అతుకు, పెడల్ ఇరుసు చుట్టూ, సీటు గొట్టం పైన చీలిక కొస, వెనక బ్రేకు బిగించిన చోటు. రంగు మీద వెంట్రుకంత గీత, ఆ గీతలోంచి గోధుమరంగు తుప్పు చారగా కారుతుంటే ఇక తొక్కకండి. గేట్లూ గ్రిల్సూ అతికే దుకాణంలో ఇవ్వకండి. అర మిల్లీమీటరు గోడను అక్కడి వేడి కాల్చేస్తుంది. పల్చటి గొట్టాలకు టిగ్ వెల్డింగు చేసేవాళ్ళను, ఇత్తడి పోసి అతికేవాళ్ళను వెతికి ఇవ్వండి.

ఇంకో రెండు మాటలు దారి గురించి. నల్లరేగడిలో వాన పడ్డాక సైకిలు దించకండి. మట్టి టైరుకు చుట్టుకుని, ఫ్రేముకూ చక్రానికీ మధ్య కూరుకుని చక్రం తిరగదు. బలవంతంగా తొక్కితే గేరు కొక్కెం విరుగుతుంది. తడి పొలం గట్టు మీద మీరు వేసిన చాలు ఎండాక గట్టిపడి, ఆ గట్టున నడిచే రైతు కాలికి అడ్డుపడుతుంది. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకండి. పశువులను తోలుకొచ్చేవాళ్ళకు, నడిచేవాళ్ళకు దారి ఇచ్చి, సైకిలు దిగి పక్కన నిలబడండి. ఊరివాళ్ళతో మంచిగా ఉంటేనే ఈ దారులు రేపటివాళ్ళకూ ఉంటాయి.

ఖరీదైన షాకు తప్పును కప్పి పుచ్చుతుంది. హార్డ్‌టెయిల్ అలా కప్పిపుచ్చదు, ఎక్కడ బిగుసుకున్నావో, ఎక్కడ బ్రేకు ఆలస్యం చేశావో ఆ క్షణంలోనే చెప్తుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు నేను దీన్నే ముందు ఎక్కమంటాను. దీని మీద నేర్చిన కాళ్ళు ఏ సైకిలు మీదైనా పనికొస్తాయి, అమ్మినా పోవు, దొంగలెత్తుకుపోయినా పోవు. మీ ఇంట్లో పాత ఉక్కు సైకిలు ఏదైనా ఉంటే ఈ ఆదివారం బయటికి తీయండి. అతుకులు చూడండి, గేజి పెట్టి గాలి సరిచేయండి, సీటు బెత్తెడు దించండి. ఊరి చివర చిన్న వాలు చూసుకుని, పెడళ్ళ మీద లేచి నిలబడి దిగండి. వాలు కుదిరాక ఇంకొంచెం పెద్దది చూసుకోవచ్చు.